పాత మైక్రోస్కోపుకి కెమెరా బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబుల వాళ్లు, పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్లు, చెరువు నీళ్ల చుక్కలో ఏముందో చూసే సరదా ఉన్నవాళ్లు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మొత్తం చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుందో చూసుకుని అక్కడికే వెళ్లండి. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థం కావాలని కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇదంతా స్లైడ్లు చూసే కాంపౌండ్ మైక్రోస్కోపుల గురించే, స్టీరియో మైక్రోస్కోపుల లెక్క వేరు.

## కొనడానికి ముందు

మా ల్యాబులో ఉన్నది పాతికేళ్ల కిందటిది. దీనికి కెమెరా పెట్టడం దండగేమో, కొత్తది కొనమంటారా?

ఆబ్జెక్టివ్‌లు, అంటే స్లైడ్‌కి దగ్గరగా ఉండే లెన్సులు, బాగుంటే దండగేమీ కాదు. 1980లలో వచ్చిన ఒలింపస్ బీహెచ్-2 లాంటివి ఇప్పటి మామూలు స్టూడెంట్ మోడళ్ల కంటే మంచి బొమ్మ ఇస్తాయి. అంబాలాలో తయారై మన కాలేజీలకి వచ్చిన సాదా మోడళ్లతో కూడా 10ఎక్స్ (పది రెట్ల ఆబ్జెక్టివ్) వరకు చక్కటి ఫోటోలు వస్తాయి. ముందు చూసుకోవాల్సింది ఆబ్జెక్టివ్ లోపల సన్నటి దారాల్లా ఫంగస్ పట్టిందా, నాబ్ వదిలేశాక ఫోకస్ దానంతటదే జారిపోతోందా, స్టేజి (స్లైడ్ పెట్టే పలక) కదిపితే ఎక్కడైనా పట్టేస్తోందా అని. ఇవి సరిగ్గా ఉంటే పెయింటు ఊడిపోయినా పట్టించుకోకండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తుపట్టిన రోజుల్లో ఆయన మైక్రోస్కోపు స్క్రూలు చెమటకి తుప్పు పట్టి, మిగిలిన ఒక్క ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) కూడా పగిలి ఉందట. ఆయనే రాసుకున్నారు. మీది అంతకంటే నయమే అయ్యుంటుంది.

ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని చెక్కి ఉంది. దాంతో నాకేం పని?

కెమెరా ఎక్కడ కూర్చోవాలో చెప్పేవి ఆ అంకెలే. 160 అంటే ఆబ్జెక్టివ్ బిగించే చోటు నుంచి ఐపీస్ గొట్టం పై అంచు దాకా ఉండాల్సిన దూరం, మి.మీ.లలో. 0.17 అంటే కవర్ స్లిప్ (స్లైడ్ మీద కప్పే పలచటి గాజు) మందం. ఈ రకంలో బొమ్మ గొట్టం పై అంచుకి సుమారు 10 మి.మీ. కింద ఏర్పడుతుంది, ఐపీస్ దాన్నే పెద్దది చేసి మనకి చూపిస్తుంది. పాత లైట్జ్ కంపెనీది అయితే 160 బదులు 170 ఉంటుంది.

ఆ స్థానంలో ∞ గుర్తు ఉంటే అది ఇన్ఫినిటీ రకం. అందులో ఆబ్జెక్టివ్ ఒక్కటే బొమ్మ కట్టలేదు, దాని పైన ట్యూబ్ లెన్స్ ఉండాలి, కాబట్టి ఆ లెన్స్ ఉన్న హెడ్డుని (ఐపీస్‌లు ఉండే పై భాగాన్ని) ఊడదీసి ఆ చోట కెమెరా పెడదామంటే ఏమీ రాదు. పాతవన్నీ 160 రకమే అనుకోవద్దు, అమెరికన్ ఆప్టికల్ కంపెనీ 1960లలోనే ఇన్ఫినిటీ ఆబ్జెక్టివ్‌లు అమ్మింది. అంకెలు అరిగిపోయి కనిపించకపోతే పక్కనుంచి టార్చి వేసి ఫోనుతో ఫోటో తీసి జూమ్ చేయండి, మాసిన చెక్కుడు కూడా బయటపడుతుంది.

మాది బైనాక్యులర్, కెమెరా గొట్టం లేదు. ట్రైనాక్యులర్ హెడ్, అంటే కెమెరాకి మూడో గొట్టం ఉన్నది, కొనక తప్పదా?

తప్పదనేం లేదు. రెండు ఐపీస్‌లలో ఒకదాని మీద కెమెరా పెట్టి, రెండో దాంట్లో చూస్తూ పని చేసుకోవచ్చు. ఇబ్బందల్లా ఆ గొట్టాలు ఏటవాలుగా ఉండటమే, ఫోను బరువుకి ఓర్చుకుంటాయి గానీ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ ఊడదీయగల పెద్ద కెమెరా) పెడితే పక్కకి లాగేస్తుంది. ఒకే ఐపీస్ ఉండే పాత మోనాక్యులర్‌లో గొట్టం నిటారుగా నిలబెట్టే వీలుంటే కెమెరాకి అదే అన్నిటికంటే సుఖం, దాన్ని చిన్నచూపు చూడకండి.

ట్రైనాక్యులరే కావాలనుకుంటే మీ కంపెనీ మీ మోడల్ హెడ్డే వెతకండి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని వేరే కంపెనీది కొంటే కింద కూర్చునే డవ్‌టెయిల్ (ఏటవాలు అంచు) సైజు కలవదు, ఎలాగో కూర్చోబెట్టినా గొట్టం పొడవు మారిపోయి బొమ్మ దెబ్బతింటుంది.

ఫోను పెట్టి తీస్తే సరిపోదా? ఇంత హంగామా ఎందుకు?

వాట్సాప్‌లో సార్‌కి పంపి "ఇదేంటండీ" అని అడగడానికి ఫోను చాలు, నిజంగా చాలు. ఐపీస్‌ని పట్టుకునే క్లాంపు ఒకటి కొనండి, చేత్తో పట్టుకుని తీస్తే పది ఫోటోల్లో ఒకటి కుదురుతుంది. ఫోనులో మెయిన్ లెన్స్‌నే వాడాలి, వైడ్ లెన్స్‌తో నల్లటి తెర మధ్యలో చిన్న గుండ్రం మాత్రమే వస్తుంది. దగ్గరికి తేగానే దానంతటదే మాక్రోకి మారిపోయే ఫోన్లలో ఆ సెట్టింగు ఆపేయండి. రెండు రెట్లు జూమ్ పెట్టి, తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి.

ఫోనుతో వచ్చే చిక్కు ఏమిటంటే అది బొమ్మని తనకి నచ్చినట్టు చెక్కేస్తుంది. అంచులకి పదును పెట్టి, నునుపు చేసి, రంగు పెంచి ఇస్తుంది. స్లైడ్‌కి వేసిన స్టెయిన్ రంగు ముఖ్యమైన చోట, కొలతలు తీయాల్సిన చోట దాన్ని నమ్ముకోకూడదు.

ఆన్‌లైన్‌లో ఐపీస్ స్థానంలో పెట్టే యూఎస్‌బీ కెమెరాలు కనిపిస్తున్నాయి. కొనొచ్చా?

క్లాసులో ప్రొజెక్టర్ మీద పిల్లలకి చూపించడానికైతే కొనండి. మంచి ఫోటోలకోసమైతే ముందు సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే చిప్పు) సైజు అడగండి. సగం అంగుళం అని చెప్పే సెన్సర్ నిజానికి 6.4 మి.మీ. వెడల్పు, 4.8 మి.మీ. ఎత్తు. పాత ఐపీస్‌లో మీ కంటికి కనిపించే బొమ్మ వ్యాసం సుమారు 18 మి.మీ. లెక్క వేస్తే, మధ్యలో లెన్స్ ఏదీ లేకపోతే మీరు చూసేదాంట్లో ఎనిమిదో వంతే కెమెరా పట్టుకుంటుంది. అందుకే "కంట్లో బోలెడు కనిపిస్తోంది, కంప్యూటర్లో ఒక్క కణమే వస్తోంది" అని గోల. దీనికి విరుగుడు బొమ్మని సగానికి తగ్గించే 0.5ఎక్స్ రిడక్షన్ లెన్స్, కొన్నిటికి కెమెరాతోపాటే వస్తుంది, కొన్నిటికి విడిగా కొనాలి. ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే మెగాపిక్సెల్స్ సంఖ్య చాలాసార్లు సాఫ్ట్‌వేర్ ఉబ్బించిందే, సెన్సర్‌కి నిజంగా ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకోండి.

ఎన్ని మెగాపిక్సెల్స్ కెమెరా కావాలి? 24 సరిపోతాయా?

సగం ఉన్నా మిగిలిపోతాయి. ఎంత సన్నటి వివరం కనిపిస్తుందో తేల్చేది ఆబ్జెక్టివ్ మీద రెట్ల పక్కన రాసి ఉండే రెండో అంకె, అంటే ఎన్.ఏ. (లెన్స్ ఎంత వెడల్పు కోణం నుంచి వెలుగు పట్టుకుంటుందో చెప్పేది). 40/0.65 అని ఉన్న ఆబ్జెక్టివ్, ఆకుపచ్చ వెలుగులో, సుమారు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీయలేదు. 18 మి.మీ. ఐపీస్‌తో 40ఎక్స్‌లో కనిపించే వెడల్పు 450 మైక్రాన్లు. అర మైక్రాన్ చొప్పున 900 వివరాలు, ఒక్కోదానికి రెండు పిక్సెల్స్ చొప్పున 1800. అంతే, అడ్డంగా 1800 పిక్సెల్స్ చాలు. 10/0.25 ఆబ్జెక్టివ్‌కి ఇదే లెక్కన 2700 దాకా వస్తాయి, స్లైడ్ మీద ఆయిల్ చుక్క వేసి చూసే 100/1.25 ఆబ్జెక్టివ్‌కి ఇంకా తక్కువ, 1400 లోపే.

కాబట్టి 2007లో వచ్చిన కెనాన్ 40డి, 10 మెగాపిక్సెల్స్‌ది, ఈ పనికి ఇప్పటికీ దివ్యంగా సరిపోతుంది. దాని లైవ్ వ్యూలో (బొమ్మని కెమెరా వెనక తెర మీద చూసే పద్ధతిలో) షట్టర్ మొదటి తెర ఎలక్ట్రానిక్‌గా తెరుచుకునే సదుపాయం ఉంది, మైక్రోస్కోపు మీద అదరకుండా ఉండటానికి మెగాపిక్సెల్స్ కంటే అదే ముఖ్యం. హైదరాబాదులో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీ వైపు సెకండ్ హ్యాండ్ కెమెరాలు అడిగి చూడండి. లైవ్ వ్యూ పని చేస్తోందా, కంప్యూటర్‌కి వైరుతో కలుస్తోందా, ఈ రెండూ అక్కడే నిలబడి పరీక్షించి డబ్బులివ్వండి.

## బిగించేటప్పుడు

నేరుగా బిగించాలా, ఐపీస్ ఉంచాలా, కెమెరా లెన్స్ ఉంచాలా? ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు.

మూడూ పనిచేస్తాయి. ఐపీస్ తీసేసి, కెమెరా లెన్స్ కూడా తీసేసి, ఆబ్జెక్టివ్ కట్టిన బొమ్మనే సెన్సర్ మీద పడేయడం మొదటి పద్ధతి. ఐపీస్‌నో ఫోటో ఐపీస్‌నో ఉంచి, లెన్స్ లేని కెమెరా మీదికి బొమ్మని విసరడం రెండోది. ఐపీస్‌నీ కెమెరా లెన్స్‌నీ రెండిటినీ ఉంచేసి, మన కన్ను పెట్టే చోట కెమెరా కన్ను పెట్టడం మూడోది.

పాత 160 మి.మీ. మైక్రోస్కోపుకి నన్నడిగితే మూడోదే. కారణం చెబుతాను. 10ఎక్స్ ఐపీస్ ఫోకల్ లెంగ్త్ 25 మి.మీ. దాని మీద 40 మి.మీ. కెమెరా లెన్స్ పెడితే బొమ్మ 1.6 రెట్లవుతుంది, అంటే 18 మి.మీ. గుండ్రం కాస్తా సుమారు 29 మి.మీ. అవుతుంది. కెనాన్ 40డి లాంటివాటిలో ఉండే ఏపీఎస్-సి సెన్సర్ మూల నుంచి మూలకి 27 మి.మీ. అతికినట్టు సరిపోయింది కదా. పైగా మీ ఐపీస్ మీ ఆబ్జెక్టివ్‌లకి జోడీగా వచ్చిందే కాబట్టి అంచుల్లో రంగుల గొడవ ఉండదు. కెనాన్ 40 మి.మీ. ఎఫ్/2.8 ఎస్‌టిఎం పలచగా ఉంటుంది కాబట్టి ఐపీస్‌కి బాగా దగ్గరగా వెళ్తుంది. 50 మి.మీ. లెన్స్ ఉంటే అదీ వాడొచ్చు, చుట్టూ కొంచెం కోత పడుతుంది. అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న సెల్ టవర్ మీద ఆటోఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చేసి, ఆ తర్వాత మైక్రోస్కోపు మీద పెట్టండి. ఆ పైన ఫోకస్ అంతా మైక్రోస్కోపు నాబ్‌తోనే.

ఐపీస్ తీసేసి కెమెరా నేరుగా పెడితే అంచుల్లో ఎరుపు, నీలం గీతలు వస్తున్నాయి. ఆబ్జెక్టివ్ పాడైందా?

పాడవలేదు. పాత డిజైన్లలో ఆబ్జెక్టివ్ మిగిల్చిన రంగుల దోషాన్ని ఐపీస్ సరిచేసేది, ఇద్దరూ కలిసి చేయాల్సిన పనిలో మీరు ఒకరిని తీసేశారు. ఒలింపస్ ఎల్‌బి ఆబ్జెక్టివ్‌లకి ఎన్‌ఎఫ్‌కె అనే ఫోటో ఐపీస్‌లు, జైస్‌కి కెపిఎల్, లైట్జ్‌కి పెరిప్లాన్, ఇలా ఎవరి జోడీ వాళ్లది. ఒక కంపెనీ ఆబ్జెక్టివ్‌కి ఇంకో కంపెనీ ఐపీస్ పెడితే రంగులు తగ్గకపోగా పెరగొచ్చు కూడా. 1976లో నికాన్ తెచ్చిన సీఎఫ్ వరసలో మాత్రం దిద్దుబాటంతా ఆబ్జెక్టివ్‌లోనే అయిపోతుంది, వాటిమీద నేరుగా కెమెరా పెట్టినా రంగులు రావు.

ఎన్‌ఎఫ్‌కె 2.5ఎక్స్ దొరికితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి, అది 35 మి.మీ. ఫిల్ము కోసం చేసింది. సెన్సర్ ఆ ఫిల్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 17 మి.మీ. గుండ్రం దాకా వస్తుంది, ఏపీఎస్-సితో 11 మి.మీ. మాత్రమే.

అడాప్టర్ల ధరలు చూస్తే గుండె గుభేలుమంటోంది. లేత్ మీద చేయించుకోవచ్చా?

హాయిగా చేయించుకోవచ్చు, బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ లేత్ షాపు వాళ్లకైనా ఇది చిన్న బుష్ (పొట్టి గొట్టం ముక్క) పనే. కాకపోతే ఏం కావాలో మీకు స్పష్టంగా తెలియాలి. చాలా మైక్రోస్కోపుల్లో ఐపీస్ గొట్టం లోపలి వ్యాసం 23.2 మి.మీ., కొన్నిటిలో 30 మి.మీ. మీరు మాత్రం వెర్నియర్‌తో కొలవండి, స్కేలు పెట్టి కొలిచి పంపకండి. గొట్టంలోకి దిగే బుష్ అయితే బయటి వ్యాసం పదో వంతు మి.మీ. తక్కువ పెట్టమనండి, లేకపోతే దిగింది మళ్లీ బయటికి రాదు.

మర కోయించడం దగ్గరే అందరూ ఇరుక్కుంటారు. కెమెరాని అడాప్టర్‌కి కలిపే టి-2 రింగు మర 42 మి.మీ. వ్యాసం, 0.75 పిచ్ (ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య దూరం, మి.మీ.లలో). పాత స్క్రూ లెన్సులది అదే 42 మి.మీ., కానీ పిచ్ 1. వ్యాసం ఒకటే కాబట్టి కొట్టువాడు ఒకటి ఇస్తాడు, లేత్ ఆయన ఇంకోటి కోస్తాడు, రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వడం కంటే రింగునే తీసుకెళ్లి చేతిలో పెట్టండి.

అసలు మర లేకుండానే అయ్యే దారి ఉంది. 40 మి.మీ. లెన్స్ ముందు భాగంలో 52 మి.మీ. ఫిల్టర్ పడుతుంది. గీతలు పడిన పాత 52 మి.మీ. యూవీ ఫిల్టర్ ఒకటి తీసుకుని, అద్దాన్ని పట్టి ఉంచే సన్నటి రింగు తిప్పి అద్దం తీసేయండి. ఐపీస్ తలని బయటనుంచి పట్టుకునేలా నైలాన్ రాడ్‌తో ఒక బుష్ తిప్పించి, పక్కన మూడు చిన్న స్క్రూలు పెట్టించి, ఆ ఫిల్టర్ రింగుని బుష్ మీద ఆరాల్డైట్‌తో అతికించండి. అతికించేటప్పుడు మధ్య కుదిరిందా లేదా అన్నదే చూసుకోవాలి, జిగురు ఆరేలోపు లెన్స్‌లోంచి చూసి గుండ్రం నడిమధ్యకి వచ్చేదాకా జరపండి. బుష్ లోపల మెరుపు లేని నల్ల రంగు వేయడం మర్చిపోకండి, తెల్ల నైలాన్ అలాగే వదిలేస్తే వెలుగు దాని గోడల మీద పడి ఫోటో మధ్యలో తెల్లటి మచ్చ కూర్చుంటుంది.

కంట్లో స్పష్టంగా ఉంది, కెమెరాలో మసగ్గా ఉంది. రెండూ ఒకేసారి ఫోకస్ అవ్వవా?

అవుతాయి, దూరం సర్దాలి. ముందు 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో ఐపీస్‌లో ఫోకస్ చేయండి. ఇక నాబ్ ముట్టుకోకుండా, కెమెరానే గొట్టంలో పైకో కిందికో జరుపుతూ లైవ్ వ్యూ జూమ్ చేసి చూడండి. అది కుదిరిన చోట స్క్రూ బిగించేయండి. కెమెరా లెన్స్ ఉంచే పద్ధతిలో అయితే జరపక్కర్లేదు, లెన్స్ దూరానికి ఫోకస్ అయి ఉండి, మీ కళ్లజోడు పవర్‌కి తగ్గట్టు ఐపీస్ సర్దుబాటు రింగు తిప్పుకుంటే రెండూ కలుస్తాయి.

డీఎస్‌ఎల్‌ఆర్‌ని లెన్స్ లేకుండా ఐపీస్ గొట్టం మీద నేరుగా పెట్టారనుకోండి, అప్పుడు ఎంత సర్దినా కలవవు. కెనాన్‌లో మౌంటు నుంచి సెన్సర్ 44 మి.మీ. లోపల ఉంటుంది, నికాన్‌లో 46.5. బొమ్మ ఏర్పడేదేమో గొట్టం అంచుకి 10 మి.మీ. కింద. నాబ్ తిప్పి ఎలాగోలా ఫోకస్ తెస్తే 4ఎక్స్, 10ఎక్స్ పర్వాలేదనిపిస్తాయి, 40ఎక్స్‌లో మాత్రం పలచటి పాలపొర కప్పినట్టు వస్తుంది, ఎందుకంటే ఆబ్జెక్టివ్‌ని దాని లెక్క కాని దూరంలో పని చేయిస్తున్నారు. సోనీ ఇ లాంటి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ లోతు 18 మి.మీ. మాత్రమే కాబట్టి ఇబ్బంది తక్కువ, మిర్రర్‌లెస్‌కి ఇక్కడున్న నిజమైన లాభం ఇదే.

కెమెరా పెట్టగానే గొట్టం మెల్లగా కిందికి జారుతోంది. స్లైడ్ పగులుతుందేమోనని టెన్షన్.

భయపడాల్సిందే. పాత స్టూడెంట్ మోడళ్లలో ఫోకస్ చేస్తే స్టేజి బదులు గొట్టమే కదులుతుంది, అర కిలో కెమెరా దాని మీద పెడితే జారుతుంది. చాలా మోడళ్లలో రెండు కోర్స్ నాబ్‌లనీ (ఫోకస్ వేగంగా మార్చే పెద్ద నాబ్‌లు) రెండు చేతులతో పట్టుకుని ఒకదానికొకటి వ్యతిరేకంగా తిప్పితే బిగుసుకుంటుంది. కొంచెం కొంచెంగా తిప్పి చూడండి, బలం పెట్టొద్దు. అప్పటికీ జారితే కెమెరా బరువు మైక్రోస్కోపు మీద వేయకండి. మూతపడిన ఫోటో స్టూడియోల్లో ఫోటోలు పెద్దవి చేసే ఎన్లార్జర్ల స్టాండ్లు మూలన పడి ఉంటాయి, అలాంటిది ఒకటి తెచ్చి కెమెరాని దానికి కట్టి, లెన్స్‌ని ఐపీస్‌కి తగలకుండా వెంట్రుకవాసి పైన నిలబెట్టండి. చుట్టూ నల్ల గుడ్డ కప్పితే బయటి వెలుగు రాదు. కెమెరా అదురు మైక్రోస్కోపుకి చేరదు, అది అదనపు లాభం.

ఫోటో మధ్యలో గుండ్రంగా వస్తోంది, మూలలన్నీ నలుపు.

లెన్స్ ఐపీస్‌కి దూరంగా ఉన్నా, మరీ దగ్గరైనా ఇలా అవుతుంది. ఐపీస్ పైన ఒక తెల్ల కాగితం ముక్క పట్టుకుని పైకీ కిందికీ కదపండి. ఒకచోట వెలుగు చిన్న చుక్కగా, పదునుగా కనిపిస్తుంది. కెమెరా లెన్స్ లోపలి కన్ను వీలైనంత ఆ ఎత్తులోకి రావాలి. పాత ఐపీస్‌లలో ఆ చుక్క గాజుకి బాగా దగ్గరగా ఉంటుంది, లెన్స్ అంత దగ్గరికి వెళ్లలేదు. అలాంటప్పుడు కళ్లజోడు గుర్తు వేసి ఉండే, ఆ చుక్క ఇంకా పైకి పడే హై ఐపాయింట్ ఐపీస్, మీ కంపెనీదే, వెతకాలి. అదీ దొరక్కపోతే కత్తిరించి వాడుకోవడమే.

## ఫోటో తీసేటప్పుడు

10ఎక్స్ అద్భుతంగా వస్తోంది, 40ఎక్స్ ఎంత తిప్పినా మసకే. ఏం చేయాలి?

ఎక్కువమందికి ఎదురయ్యే సమస్య ఇదే, కెమెరాని తిట్టే ముందు ఆబ్జెక్టివ్ ముందు గాజు చూడండి. ఆయిల్ వేసి 100ఎక్స్‌లో చూశాక నోస్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించి ఉండే తిరిగే భాగం) వెనక్కి తిప్పితే 40ఎక్స్ ఆ ఆయిల్‌లో మునిగి వస్తుంది. దాన్ని ఎవరూ గమనించరు, నెలల తరబడి ఎండి అక్కడే ఉంటుంది. ఆబ్జెక్టివ్ ఊడదీసి, ఒక ఐపీస్ తీసి తిరగేసి భూతద్దంలా పట్టుకుని ముందు గాజుని కిటికీ వెలుగులో చూడండి. ఏటవాలుగా వంచినప్పుడు గాజు మీద ఇంద్రధనుస్సు రంగుల పొరో, గోధుమరంగు వలయమో కనిపిస్తే అదే దొంగ. లెన్స్ పేపర్ మడత కొసకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి, నొక్కకుండా ఒక్కసారి తుడిచి ఆ కాగితం పారేయండి, మళ్లీ కొత్త కాగితం. చొక్కా కొంగుతో తుడవకండి దయచేసి.

గాజు శుభ్రంగానే ఉంటే కవర్ స్లిప్ సంగతి చూడండి. 0.17 అని రాసి ఉన్న 40ఎక్స్ కవర్ స్లిప్ లేని బ్లడ్ స్మియర్ (స్లైడ్ మీద పలచగా పూసిన రక్తం) మీద ఎప్పుడూ మసగ్గానే చూపిస్తుంది. స్మియర్ మీద ఒక చుక్క ఇమ్మర్షన్ ఆయిల్ వేసి దాని మీద కవర్ స్లిప్ పెట్టి, ఆ పైన 40ఎక్స్‌తో చూడండి, తేడా మీకే తెలుస్తుంది. స్లైడ్ తిరగేసి పెట్టారేమో కూడా చూసుకోండి. నవ్వకండి, జరిగేదే.

ఇవేవీ కాకపోతే అదురు. డీఎస్‌ఎల్‌ఆర్ అద్దం పైకి కొట్టుకునే దెబ్బ 40ఎక్స్‌లో భూకంపమే. లైవ్ వ్యూ పెట్టండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి, వీలుంటే కంప్యూటర్ నుంచి నొక్కండి, కెనాన్‌కి ఈఓఎస్ యుటిలిటీ ఉచితం, విండోస్‌లో డిజికామ్‌కంట్రోల్ కూడా ఉచితమే. ఫ్యాను ఆపి, బల్ల మీద చేతులు తీసేసి తీయండి.

ఫోటోలన్నీ పసుపుగా వస్తున్నాయి. స్టెయిన్ రంగే మారిపోతోంది.

పాత బల్బుల వెలుగు పసుపే, మన కన్ను సర్దుకుంటుంది గానీ కెమెరా సర్దుకోదు. స్లైడ్‌లో ఏమీ లేని ఖాళీ చోటుకి జరిపి, ఆ ఖాళీ తెలుపుని ఫోటో తీసి, కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి దాన్నే చూపించండి. ఆటో వైట్ బ్యాలెన్స్ మాత్రం వద్దు, ఈయోసిన్ అనే స్టెయిన్ ఎర్రగా నిండిన చోట అది ఎరుపుని తగ్గించి కూర్చుంటుంది. ఒకసారి సెట్ చేశాక బల్బు వెలుగు పెంచే నాబ్ ముట్టుకోకండి, వోల్టేజీ తగ్గితే వెలుగు ఇంకా పసుపెక్కుతుంది. వెలుగు ఎక్కువైతే షట్టర్ స్పీడు మార్చుకోండి. ఆ ఖాళీ చోటు ఫోటోని దాచుకుంటే తర్వాత మచ్చలు, వెలుగు హెచ్చుతగ్గులు తీసేయడానికి కూడా పనికొస్తుంది.

బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టించాం, ఇప్పుడు ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు వస్తున్నాయి.

ఆ ఎల్‌ఈడీ మన కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చౌక ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. షట్టర్‌ని 1/100, 1/50, 1/25 సెకన్లలో ఏదో ఒకదానికి పెడితే చారలు చాలావరకు పోతాయి. వెలుగు తగ్గించినప్పుడే చారలు వస్తుంటే తప్పు డిమ్మర్‌ది, వెలుగు పూర్తిగా పెంచేసి, దీపం మీద ఫిల్టరో ట్రేసింగ్ పేపరో అడ్డం పెట్టి తగ్గించుకోండి. మిర్రర్‌లెస్‌లో పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే చారలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి.

కండెన్సర్ (స్టేజి కింద వెలుగుని స్లైడ్ మీదికి చేర్చే లెన్స్) కిందికి దించి, డయాఫ్రమ్ (వెలుగు దారిని చిన్నది చేసే రంధ్రం) మూసేస్తే బొమ్మ బాగా తేరుతోంది. అలాగే తీసేయనా?

తేరినట్టు కనిపిస్తుంది, నిజానికి వివరం పోతుంది. డయాఫ్రమ్ మూస్తే ప్రతి అంచు చుట్టూ నల్ల గీత, దాని పక్కన తెల్ల గీత వస్తాయి, కన్ను దాన్ని పదును అనుకుంటుంది, ఫోటోలో చూస్తే అది నకిలీ అని తెలిసిపోతుంది.

కింద దీపం దగ్గర ఫీల్డ్ డయాఫ్రమ్ ఉంటే 1893లో ఆగస్ట్ కోలర్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ దిక్కు. 10ఎక్స్‌లో స్లైడ్ ఫోకస్ చేసి, ఫీల్డ్ డయాఫ్రమ్ మూసి, దాని అంచులు పదునుగా కనిపించేదాకా కండెన్సర్ ఎత్తుదించి, మధ్యకి తెచ్చి, అంచులు ఫ్రేము దాటేదాకా తెరవండి. తర్వాత ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే వెలుగు పళ్లెం కనిపిస్తుంది, కండెన్సర్ డయాఫ్రమ్‌ని అందులో ముప్పాతిక భాగం వెలిగేలా ఉంచండి. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా ఇది మారుతుంది. అద్దంతో వెలుగు పట్టే పాతవాటిలో కండెన్సర్ ఉంటే అద్దం చదునువైపు, లేకపోతే గుంటవైపు.

ప్రతి ఫోటోలో ఒకేచోట చుక్కలు కనిపిస్తున్నాయి. ఎక్కడ తుడవాలి?

తుడిచే ముందు ఎక్కడుందో పట్టుకోండి, లేకపోతే శుభ్రంగా ఉన్న గాజుకి గీతలు పెడతారు. స్లైడ్ కదిపితే చుక్క కదిలిందా, అది స్లైడ్‌దే. ఐపీస్ తిప్పితే తిరిగిందా, ఐపీస్‌ది. కండెన్సర్ కదిపితే కదిలిందా, కండెన్సర్ మీదో దీపం గాజు మీదో ఉంది. కెమెరాని గొట్టంలో తిప్పితే బొమ్మ తిరుగుతూ చుక్క మాత్రం ఫ్రేములో అదే చోట ఉందంటే కెమెరాది, అంటే సెన్సర్ మీది దుమ్ము. సెన్సర్‌కి గాలి పంపుతో ఊదడం వరకే మీ పని, నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

వానాకాలం అయ్యేసరికి లెన్సుల మీద ఫంగస్. కాకినాడలో ఉంటాం, ఏం చేయమంటారు?

సముద్రం పక్క ఊళ్లలో ఇది తప్పని పోరు. మైక్రోస్కోపు మీద ప్లాస్టిక్ కవర్ కప్పి నెలల తరబడి వదిలేస్తే తేమ లోపలే ఉండిపోతుంది, గుడ్డ కవరే మేలు. ఆబ్జెక్టివ్‌లు, ఐపీస్‌లు, కెమెరా లెన్స్ ఊడదీసి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, ఐపీస్ గొట్టానికి, నోస్‌పీస్ బొక్కలకి మూతలు పెట్టండి. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఫంగస్ బయటి గాజు మీదే ఉంటే తుడవడం మీ వల్ల అవుతుంది. ఆబ్జెక్టివ్ లోపల ఉంటే విప్పకండి, లోపలి లెన్సుల వరస, దూరాలు మళ్లీ కుదరవు.

## తీశాక

ఫోటో కింద "40ఎక్స్" అని రాస్తే చాలా?

చాలదు, ఆ మాటకి అర్థమే ఉండదు. అదే ఫోటో ఫోనులో ఒక సైజు, ప్రొజెక్టర్ మీద ఇంకో సైజు. స్కేల్ బార్ వేయండి. స్టేజి మైక్రోమీటర్ అనే స్లైడ్ ఉంటుంది, అందులో 1 మి.మీ.ని 100 భాగాలు చేసి ఉంటారు, ఒక్కో గడి 10 మైక్రాన్లు. ప్రతి ఆబ్జెక్టివ్‌తోనూ దాన్ని ఒక్కో ఫోటో తీసి దాచుకోండి. ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 10ఎక్స్ ఫోటో మీదైతే 50 గడుల పొడవు గీత గీసి, ఇది 500 మైక్రాన్లు అని చెబితే ఇక ఆ ఆబ్జెక్టివ్‌తో తీసిన ప్రతి ఫోటోకీ బార్ అదే వేస్తుంది. ఆ 500 మైక్రాన్లకి 2500 పిక్సెల్స్ వచ్చాయనుకోండి, ఒక్కో పిక్సెల్ 0.2 మైక్రాన్లు. కెమెరా ఎత్తు మార్చినా, లెన్స్ మార్చినా మళ్లీ మొదటినుంచి తీయాలి.

మైక్రోమీటర్ కొనలేకపోతే మీ ల్యాబులో న్యూబార్ చాంబర్ (రక్తకణాలు లెక్కపెట్టే గడుల గాజు పలక) ఎలాగూ ఉంటుంది. మధ్యలోని 1 మి.మీ. గడిలో 25 గడులు, ఒక్కోటి 0.2 మి.మీ., అందులో మళ్లీ 16 చిన్న గడులు, ఒక్కోటి 0.05 మి.మీ., అంటే 50 మైక్రాన్లు. దాని మందపాటి కవర్ గ్లాస్ తీసేసి గీతల్ని ఫోటో తీస్తే సరిపోతుంది. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక ఎర్ర రక్తకణాన్ని కొలవండి, 7 నుంచి 8 మైక్రాన్ల మధ్య రావాలి. 15 వచ్చిందంటే ఎక్కడో ఆబ్జెక్టివ్ తారుమారైంది.

దోమ కాలు అంతా ఒకేసారి ఫోకస్‌లోకి రావట్లేదు. పెద్ద కెమెరా కొంటే వస్తుందా?

రాదు. 40/0.65 ఆబ్జెక్టివ్‌లో ఫోకస్‌లో ఉండే మందం ఒక మైక్రాన్ పైచిలుకు, అది ఆప్టిక్స్ ధర్మం. ఫైన్ నాబ్‌ని ఒక్కో గడి తిప్పుతూ వరసగా ఫోటోలు తీసి, స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. పికోలే ఉచితం, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బులకి. దోమ కాలుకి 40ఎక్స్ వద్దు, 10ఎక్స్‌తో మొదలెట్టండి, తక్కువ ఫోటోల్లో పనైపోతుంది. నాబ్‌ని ఒకే దిక్కుకి తిప్పండి, మధ్యలో వెనక్కి తిప్పితే పాత గేర్లలో ఉండే ఖాళీ వల్ల ఒకటి రెండు గడులు గల్లంతవుతాయి. కదిలే ప్రాణులకి ఇది పనికిరాదు, పారమీషియం ఆగి ఫోజు ఇవ్వదు కదా, దానికి వీడియో తీసి మంచి ఫ్రేము ఏరుకోండి.

పేషెంట్ల స్లైడ్ల ఫోటోలు గ్రూపుల్లో పెట్టొచ్చా?

స్లైడ్ లేబుల్ మీది పేరు, నంబరు ఫోటోలో గానీ ఫైలు పేరులో గానీ ఉండకూడదు. టెక్నీషియన్లు ఫైలుకి పేషెంటు పేరే పెట్టేస్తుంటారు, పంపే ముందు మార్చండి. డాక్టరు గారి అభిప్రాయం కోసం పంపుతుంటే ఆబ్జెక్టివ్, స్టెయిన్ పేరు, స్కేల్ బార్ ఉండాలి, ఒకే చోటు 10ఎక్స్‌లో ఒకటి, 40ఎక్స్‌లో ఒకటి పంపండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.